తూప్రాన్ నుంచి ఊరూరికీ.. గద్దర్ పాట ప్రస్థానం

తూప్రాన్: మోకాళ్ల పైకి కట్టిన ధోవతి, భుజాన నల్ల గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఈ రూపంతో అర్ధ శతాబ్దం పాటు తెలుగునాట వేదికలను ఏలిన ప్రజా వాగ్గేయకారుడు గద్దర్. పాట తానే కట్టి, తానే పాడి, తానే ఆడిన కళాకారుడాయన. గ్రామఫోన్ కంపెనీల అండ లేదు. ఆకాశవాణి ఆయన వేదిక కాదు. సినిమాల్లో వినిపించింది ఆయన రాసినదానిలో అతి స్వల్పభాగం. అయినా అక్షరం రాని కూలి నుంచి విశ్వవిద్యాలయ ఆచార్యుని వరకు ఆయన గొంతు గుర్తుపట్టనివారు లేరు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్‌గా ఎదిగిన క్రమం, ఆయన పాట ఊరి నుంచి ఊరికి సాగిన తీరు ఈ ప్రాంత సాంస్కృతిక చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం.

ఆయన విషయంలో ఒక విచిత్రం ఉంది. గద్దర్ పాటలుగా జనం చెప్పుకునేవాటిలో కొన్ని ఆయన రాసినవి కావు. ఆయన రాసినవాటిలో కొన్నింటిని తాతల నాటి జానపదాలని నమ్మేవారూ ఉన్నారు. ఈ గందరగోళం వట్టి పొరపాటుగా కొట్టివేయదగినది కాదు. ఆయన పాట కట్టిన పద్ధతిలోనే దానికి మూలం ఉంది.

తల్లి నోటి పాట

హైదరాబాద్ - నాగపూర్ జాతీయ రహదారి మీద ఉన్న తూప్రాన్‌లో 1940ల చివరి సంవత్సరాలలో ఒక నిరుపేద దళిత కుటుంబంలో విఠల్‌రావు జన్మించారు. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. పొలం పనుల్లో, పండుగ పూటల్లో ఆడవారు పాడుకునే పాటలే ఆయనకు తొలి సంగీత పాఠాలు. తల్లి పేరు ఆయన పాటలో పిలుపుగా కూడా నిలిచింది. కూలి చేసే స్త్రీని లచ్చుమమ్మా అని పిలుస్తూ సాగే పాట విన్నవారికి ఆ పిలుపులోని తడి తెలుసు.

నిజామాబాద్, హైదరాబాద్‌లలో చదువు సాగింది. ఇంజనీరింగ్‌లో చేరినా అది పూర్తి కాలేదు. 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం విద్యార్థి లోకాన్ని కుదిపివేసిన కాలమది. విఠల్‌రావు కూడా ఆ ఉద్యమంలో గొంతు కలిపారు. బుర్రకథ దళం కట్టి ఊళ్లు తిరిగారు. కథకుడు నడుమ నిలిచి కథ చెబుతుంటే ఒక వంత హాస్యం, మరొక వంత రాజకీయం పలికించే బుర్రకథ ప్రక్రియ ఆయనకు రంగస్థల విద్య నేర్పింది. పాటను మధ్యలో ఆపి మాట్లాడటం, మాటను మళ్లీ పాటలోకి మలపడం అనే నేర్పు అక్కడ అబ్బినదే.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినవారు దర్శకుడు, చిత్రకారుడు బి.నర్సింగరావు. ఆయనదీ ఉమ్మడి మెదక్ జిల్లాయే. గజ్వేల్ సమీపంలోని ప్రజ్ఞాపూర్ ఆయన స్వస్థలం. హైదరాబాద్‌లో నర్సింగరావు మిత్రులతో కలిసి నడిపిన ఆర్ట్ లవర్స్ సంస్థ భగత్‌సింగ్ స్మృతిలో జరిపిన కార్యక్రమానికి విఠల్‌రావును ఆహ్వానించింది. అప్పటి నుంచి ఆయన అక్కడి ఆదివారపు సమావేశాలకు వెళ్లసాగారు. ఇతరులు రాసినవి పాడటం సరే, సొంతంగా రాయాలని నర్సింగరావు ప్రోత్సహించారు. ఫలితంగా 1971లో రిక్షా కార్మికునిపై ఒక పాట వెలువడింది. ఎండలో చెమటోడ్చే రిక్షావాణ్ణి ఆపి పలకరించే ఆ పాటతోనే విఠల్‌రావు రచయిత అయ్యారు.

తొలి పాటల సంపుటికి ‘గద్దర్’ అని పేరు పెట్టారు. 1913లో అమెరికాలోని పంజాబీ వలసదారులు బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా స్థాపించిన గదర్ పార్టీ స్ఫూర్తితో పెట్టిన పేరు అది. గదర్ అంటే తిరుగుబాటు. సంపుటి పేరు కాస్తా కవి పేరయింది. క్రమంగా విఠల్‌రావును గద్దర్ మింగివేశాడు.

జననాట్యమండలి

పాటకు ముందు బాట వేసినవారు లేకపోలేదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జానపద కళారూపాలను రాజకీయ ప్రచారానికి వాడుకునే సంప్రదాయాన్ని నెలకొల్పింది. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ ఆ ఒరవడిలోనివారే. 1946 - 51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటివారు పాటను ఆయుధంగా మలిచారు. శ్రీకాకుళ ఉద్యమంలో జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో కాల్పుల్లో మరణించారు. మరుసటి ఏడాది విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. 1972లో జననాట్యమండలి అవతరించింది. గద్దర్‌తో పాటు ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు కూడా ఆ సంస్థకు మూలస్తంభంగా నిలిచారు. విప్లవ రాజకీయాలతో, అనంతరం పీపుల్స్‌వార్‌తో దాని బంధం బహిరంగమే.

బతుకుతెరువు కోసం గద్దర్ 1975లో బ్యాంకు ఉద్యోగ పరీక్ష రాసి కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరారు. విమలతో వివాహమైంది. పగలు లెడ్జర్లు, సాయంకాలం డప్పుచప్పుళ్లు. ఈ జంట బతుకు 1984 వరకు సాగింది. ఆ ఏడాది ఆయన ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తికాలం కళాకారునిగా మారారు. నెల జీతం వచ్చే బ్యాంకు ఉద్యోగం ఆ రోజుల్లో దళిత కుటుంబానికి ఎంతటి ఆసరాయో ఆలోచిస్తే, ఆ రాజీనామా బరువు అర్థమవుతుంది.

పాట కట్టిన తీరు

గద్దర్ బాణీలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. నాట్లు వేసేటప్పుడు పాడే పాట, దంపుడు పాట, బతుకమ్మ పాట, యక్షగాన దరువు, ఒగ్గుకథ వరస, ఆదివాసుల రేలపాట ఆయనకు ముడిసరుకు. ఊళ్లోకి వెళ్లి అక్కడివారి పాట వినడం, అందులోని నడకను పట్టుకోవడం, పాత మాటల స్థానంలో ఆ ఊరి కష్టాన్ని చెప్పే మాటలు పొదగడం ఆయన అనుసరించిన పద్ధతి. వినేవారికి వరస ముందే తెలిసి ఉంటుంది కాబట్టి రెండో చరణం వచ్చేసరికి సభ మొత్తం వంత పాడుతుంది. కొత్త మాట పాత వరస మీద ఎక్కి ఇంటికి చేరుతుంది.

పల్లవి మాత్రం స్థిరంగా ఉంటుంది. చరణాలు ఊరిని బట్టి, సభను బట్టి మారుతాయి. కరవు ప్రాంతంలో పాడితే బావుల ముచ్చట, బొగ్గుగనుల దగ్గర పాడితే కార్మికుల ముచ్చట అందులో చేరేవి. అందుకే ఒకే పాటకు అచ్చులో ఒక రూపం, క్యాసెట్‌లో మరొక రూపం, జనం నోట వేరొక రూపం కనిపిస్తాయి. వీటిలో ఏది అసలైన పాఠం అని తేల్చబూనే పరిశోధకులకు ఇది చిక్కే. పాడినవానికి మాత్రం ఆ చిక్కు లేదు.

భాష విషయంలో ఆయన చేసిన మేలు తక్కువది కాదు. తెలంగాణ యాసను సినిమాలు హాస్యానికి, దుష్ట పాత్రలకు పరిమితం చేసిన కాలంలో ఆ యాసతోనే ఆయన దుఃఖాన్ని, ప్రేమను, ఆగ్రహాన్ని పలికించారు. అమావాస్యనాడు పుట్టిన ఆడశిశువును వదిలించుకోవాలని చూసే సమాజం గురించి ఆయన కట్టిన పాట విని సభల్లో స్త్రీలు కంటతడి పెట్టేవారు. పాత లాలిపాట నడకలో పిండిన ఆ వేదనలో నినాదపు చప్పుడు తక్కువ. బహుశా అందుకే అది రాజకీయాలు గిట్టనివారి ఇళ్లకూ చేరింది.

రాసినవన్నీ అదే స్థాయిలో ఉన్నాయనలేము. సభ కోసం రాత్రికి రాత్రి కట్టినవి, ఒక సంఘటనకు స్పందనగా పుట్టి ఆ వేడి చల్లారగానే మరుగున పడినవి అనేకం ఉన్నాయి. నినాదం ముందుకు వచ్చి కవిత్వం వెనుకబడినవీ ఉన్నాయి. విస్తారంగా రాసిన ప్రతి కవి విషయంలోనూ ఇది సహజం. మనిషి ముఖం కనిపించే పాటలు, అంటే తల్లి, చెల్లెలు, రిక్షావాడు, జీతగాడు నడయాడే పాటలు మాత్రం యాభై ఏళ్లు గడచినా వాడలేదు.

ఎవరి పాట ఎవరిది?

గద్దర్ పేరు చెప్పగానే చాలామందికి ‘బండెనక బండి కట్టి’ గుర్తుకు వస్తుంది. నిజాం పాలనను సవాలు చేసే ఆ పాట సాయుధ పోరాట యోధుడు బండి యాదగిరిది. కృషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో నర్సింగరావు, రవీంద్రనాథ్ నిర్మించిన 1979 నాటి ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ దానిని పాడారు. తెరపైన కూడా ఆయనే కనిపిస్తారు. మూడు దశాబ్దాల కిందటి పోరాట గీతం ఆ గొంతుతో కొత్త తరానికి అందింది. అదే సినిమాలో వినిపించే ‘పల్లెటూరి పిల్లగాడా’ సుద్దాల హనుమంతు రచన.

‘ఊరు మనదిరా’ కూడా గద్దర్‌దేనని భావించేవారు నేటికీ కనిపిస్తారు. దాని రచయిత ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు చెందిన గూడ అంజయ్య. 2016లో ఆయన మరణించారు. ‘ఏం పిల్లడో’ వంగపండు రాసినది. ఆయన 2020 ఆగస్టులో పార్వతీపురంలో కన్నుమూశారు. జననాట్యమండలి కళాకారులు ఒకరి పాటలు ఒకరు పాడుకునేవారు. వేదిక మీద రచయిత పేరు చెప్పే అలవాటు అంతగా ఉండేది కాదు. పేరున్న గొంతుకే పాట జమపడింది. గద్దర్ కీర్తికి నష్టం లేదు గానీ అంజయ్య, యాదగిరి వంటివారికి దక్కవలసిన పేరు చాలాకాలం దక్కలేదన్నది చేదు నిజం. జిల్లాల వారీగా ఈ కవుల పేర్లను పాటలతో జతచేసి పాఠశాలల్లో చెప్పవలసిన అవసరం ఉంది.

నర్సింగరావు స్వయంగా దర్శకత్వం వహించి చిత్రకారుని పాత్ర ధరించిన ‘రంగుల కల’ 1983లో వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ఈ సినిమాలో గద్దర్ పాడిన ‘భద్రం కొడుకో’ పల్లె విడిచి పట్నం పోయే బిడ్డకు పెద్దలు చెప్పే జాగ్రత్తలాగా సాగుతుంది. పట్నపు ధగధగల చాటున ఉన్న మోసాన్ని వెక్కిరింపుతో విప్పి చెప్పే ఆ పాటకు తెలంగాణ పల్లెల్లో విశేష ఆదరణ లభించింది.

క్యాసెట్ల కాలం

1980ల్లో టేప్ రికార్డర్ పల్లెలకు చేరడం గద్దర్ పాటకు కలిసివచ్చింది. వ్యాపార సంస్థల ప్రమేయం లేకుండా రికార్డు చేసిన పాటలు ఒక క్యాసెట్ నుంచి మరొక క్యాసెట్‌కు ఎక్కుతూ ఊళ్లు దాటాయి. ఎన్ని ప్రతులు తయారయ్యాయో లెక్క తీసినవారు లేరు. తీయడం సాధ్యం కూడా కాదు. రాయల్టీ అనే మాటకు అక్కడ తావులేదు. సభలో అమ్మే చిన్న పాటల పుస్తకం, చెవిన పడ్డ క్యాసెట్, వాటిని విని నేర్చుకున్న పల్లె యువకుని గొంతు, ఇవే ఆయన పంపిణీ వ్యవస్థ. పీపుల్స్‌వార్ ప్రాబల్యం ఉన్న గ్రామాల్లో ఇటువంటి క్యాసెట్ ఇంట్లో ఉండటమే అనుమానానికి దారితీసిన రోజులవి. అందువల్ల పాటను దాచుకోవడానికి జనం తమ నోళ్లనే ఆశ్రయించారు.

అజ్ఞాతం, పునరాగమనం

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులపై జరిగిన దాడి రాష్ట్రాన్ని కలచివేసింది. గద్దర్ ఆ ఘటనపై పాట కట్టి ఊరూరా పాడారు. నిర్బంధం పెరగడంతో అదే ఏడాది అజ్ఞాతంలోకి వెళ్లారు. దాదాపు ఐదేళ్లు అడవి ప్రాంతాల్లో, పొరుగు రాష్ట్రాల్లో సంచరిస్తూ దళాలు కట్టి పాట నేర్పారు. ఆయన బాణీలు ఒడియా, హిందీ, ఆదివాసీ భాషల్లోకి పాకింది ఈ కాలంలోనే.

1989 చివర మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక ప్రభుత్వ వైఖరి కొంత సడలింది. 1990 ఫిబ్రవరిలో గద్దర్ బయటికి వచ్చారు. హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో జరిగిన సభకు జనం పోటెత్తారు. ఐదేళ్లు కనబడని గాయకుని చూడటానికి పల్లెల నుంచి బస్సుల్లో, లారీల్లో తరలివచ్చినవారితో మైదానం చాలక రహదారులు నిండాయి. వేదిక ఎక్కిన గాయకునికి ఇటువంటి స్వాగతం తెలుగునాట అరుదు. ఆ సడలింపు ఎంతోకాలం నిలవలేదు. 1992లో పీపుల్స్‌వార్‌పై నిషేధం అమలులోకి వచ్చింది.

వద్దన్న నంది

1995లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో ఆర్.నారాయణమూర్తి కథానాయకునిగా ‘ఒరేయ్ రిక్షా’ విడుదలైంది. వందేమాతరం శ్రీనివాస్ సంగీతం సమకూర్చిన ఆ చిత్రానికి గద్దర్ రాసిన ‘మల్లెతీగకు పందిరివోలె’ అన్నాచెల్లెళ్ల అనుబంధానికి మారుపేరైంది. రాజకీయ గీతాల రచయితగా మాత్రమే ఆయనను ఎరిగినవారికి ఆ సున్నితత్వం ఆశ్చర్యం కలిగించింది. పల్లె పాటలతో పరిచయం ఉన్నవారికి కలిగించలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఉత్తమ గేయరచయితగా నంది పురస్కారం ప్రకటించగా ఆయన తిరస్కరించారు. ఎదిరించి పాడుతున్న ప్రభుత్వం చేతి నుంచి బహుమతి అందుకోవడం ఆయనకు సమ్మతం కాలేదు. పెళ్లిళ్లలో, రాఖీ పండుగనాడు నేటికీ వినిపించే ఆ పాట మాత్రం ఏ పురస్కారం కోసమూ ఆగలేదు.

1997 ఏప్రిల్ 6న సికింద్రాబాద్ సమీపంలోని అల్వాల్ వెంకటాపురంలో ఆయన ఇంటి వద్ద దుండగులు తుపాకీతో కాల్పులు జరిపారు. ఒంట్లోకి పలు తూటాలు దూసుకుపోయాయి. వైద్యులు మిగిలినవాటిని తొలగించగలిగినా వెన్నెముక దగ్గర ఉన్న ఒక తూటాను తీయడం ప్రమాదమని అలాగే వదిలివేశారు. కోలుకున్న గద్దర్ తిరిగి గజ్జె కట్టారు. గొంతుతో పాటు దేహమంతా పాట పాడే కళాకారుడు ఆ తూటాతోనే మరో 26 ఏళ్లు ఎగిరి దూకి ఆడారు. దోషులెవరో తేల్చాలని ఆయన ఆ తర్వాత పలుమార్లు డిమాండ్ చేశారు.

ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య సంప్రదింపులు మొదలైన 2002లో వరవరరావుతో కలిసి ఆయన పీపుల్స్‌వార్ ప్రతినిధిగా వ్యవహరించారు. 2004 అక్టోబరులో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వ హయాంలో హైదరాబాద్‌లో జరిగిన చర్చల వేళ వరవరరావు, కల్యాణరావులతో పాటు మరోమారు ఆ బాధ్యత నిర్వహించారు. చర్చలు ఫలించలేదు. ఆ ప్రయత్నాలు రాజకీయ చరిత్రకు సంబంధించినవి. ఒక గాయకునికి ఇరుపక్షాలూ అంతటి స్థానం ఇవ్వడం మాత్రం పాట సంపాదించి పెట్టిన పలుకుబడికి కొలమానం.

తెలంగాణ గొంతు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మలిదశలో గద్దర్ పాటకు కొత్త జీవం వచ్చింది. ఆకలి, వలస, నీటి గోసను తెలంగాణ తల్లికి విన్నవించే పాటలు ధూంధాం వేదికలపై మారుమోగాయి. 2010 అక్టోబరులో తెలంగాణ ప్రజాఫ్రంట్ ఏర్పాటు చేసి అధ్యక్షునిగా నిలిచారు. సంస్థ నిర్మాణంలో ఆయనకు పాటలో ఉన్న పట్టు కనిపించలేదు. ఆ వేదిక ఎక్కువకాలం ఆయన నాయకత్వంలో సాగలేదు.

2011లో ఎన్.శంకర్ దర్శకత్వంలో వచ్చిన ‘జై బోలో తెలంగాణ’ చిత్రానికి చక్రి సంగీతం అందించారు. అందులో గద్దర్ రాసి పాడిన ‘పొడుస్తున్న పొద్దుమీద’ ఉద్యమ గీతంగా ప్రతి సభలోనూ వినిపించింది. తెల్లవారే పొద్దును, సాగిపోయే కాలాన్ని పలకరిస్తూ మొదలయ్యే ఆ పాటలో ఆయన గొంతు వయసుతో పండి, కాస్త బొంగురుపోయి, మరింత బరువెక్కింది. దానికి ఉత్తమ గాయకునిగా నంది పురస్కారం లభించింది. పదహారేళ్ల కిందట రచయితగా వద్దన్న నంది ఈసారి గాయకునిగా ఆయన పేరిట చేరింది.

రాష్ట్రం ఏర్పడిన తర్వాత గద్దర్ పాత రాజకీయాలకు క్రమంగా దూరమయ్యారు. 2017 ప్రాంతంలో ఆలయాలను దర్శించడం అభిమానుల్లో చర్చకు దారితీసింది. జీవితకాలం ఎన్నికల బహిష్కరణ రాజకీయాల వెంట నడిచిన ఆయన 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో తొలిసారి ఓటు వేశారు. విప్లవ శిబిరంలోని పాత సహచరులు విమర్శించారు. రాజ్యాంగమే రక్షణ అన్నది ఆయన చివరి ఏళ్లలో తరచూ వినిపించిన మాట. 2023 జూన్‌లో గద్దర్ ప్రజా పార్టీ పేరిట రాజకీయ పక్షాన్ని ప్రకటించారు. జూలై 2న ఖమ్మంలో జరిగిన కాంగ్రెస్ సభలో రాహుల్‌గాంధీతో వేదిక పంచుకున్నారు.

చివరి యాత్ర, ఆ తరువాత

గుండె శస్త్రచికిత్స అనంతరం 2023 ఆగస్టు 6న హైదరాబాద్‌లోని ఆసుపత్రిలో గద్దర్ తుదిశ్వాస విడిచారు. పార్థివదేహాన్ని ఎల్బీ స్టేడియంలో ప్రజల సందర్శనార్థం ఉంచారు. మరునాడు ఊరేగింపు సాగిన దారి పొడవునా డప్పులు మోగాయి, ఆయన పాటలే వినిపించాయి. అప్పటి ప్రభుత్వం అధికార లాంఛనాలు ప్రకటించగా, ఒకప్పుడు పోలీసులు వెతికిన గాయకునికి పోలీసులే గౌరవ వందనం సమర్పించారు. దీనిని హర్షించినవారూ ఉన్నారు, ఆక్షేపించినవారూ ఉన్నారు. అల్వాల్‌లో ఆయన కుటుంబం నడిపే మహాబోధి విద్యాలయం ప్రాంగణంలో అంత్యక్రియలు జరిగాయి.

2024 జనవరి 31న గద్దర్ జయంతి సభలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి నంది పురస్కారాల స్థానంలో తెలంగాణలో గద్దర్ పురస్కారాలు ఇస్తామని ప్రకటించారు. 2025 జనవరిలో పద్మ పురస్కారాల జాబితాలో ఆయన పేరు లేకపోవడంపై రాష్ట్ర, కేంద్ర పాలక పక్షాల మధ్య మాటల యుద్ధం నడిచింది. అదే ఏడాది జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో గద్దర్ తెలంగాణ చలనచిత్ర పురస్కారాల తొలి ప్రదానోత్సవం జరిగింది. సినిమాకు రాసింది స్వల్పమైనా, సినిమా పురస్కారం మీద ఆయన పేరు నిలిచింది.

కుమార్తె వెన్నెల 2023 శాసనసభ ఎన్నికల్లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీచేసి ఓడిపోయారు. 2024 నవంబరులో ప్రభుత్వం ఆమెను తెలంగాణ సాంస్కృతిక సారథి అధ్యక్షురాలిగా నియమించింది. ప్రభుత్వ పథకాలపై పాటలు కట్టి ఊరూరా ప్రదర్శనలిచ్చే కళాకారుల సంస్థ అది.